మంచు ఏటి కుట్టు

చట్రానికి బిగించిన గొర్రెతోలును వేలితో కొడితే డప్పులా మోగాలి. ఇది ఇంకా బండగా, తడిగా పలుకుతోంది. ఉర్సో తాళ్ళకున్న కొయ్యబిళ్ళల్ని ఒక్కొక్కటిగా పావు చుట్టు తిప్పి, మళ్ళీ కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇంకా మొండికేస్తోంది" అని పక్కకి తిరిగాడు.

పక్కన ఎవరూ లేరు. భార్య అల్దా చనిపోయి ఏడు నెలలైంది. ఆ సంగతి ఉర్సోకి తెలుసు గానీ, అతని మెడకి ఇంకా తెలియలేదు. రోజుకి పదిసార్లు అటే తిరుగుతుంది.

మఠం కొండ మీద ఉంది. తోళ్ళ కొట్టం మాత్రం కింద ఏటి ఒడ్డున పెట్టించారు, సున్నపు గుంటల కంపు సన్యాసుల ముక్కులకి పడదని. ఆ కంపులోంచి వచ్చిన తోళ్ళ మీదే వాళ్ళు దేవుడి మాటలు రాసి, బలిపీఠం మీద పెట్టి ముద్దు పెట్టుకుంటారు. ఈ మాట అల్దా ఎన్నిసార్లు అనేదో! అని, నవ్వి, మళ్ళీ నురగరాయి చేతిలోకి తీసుకునేది. తోలు గీకడం ఉర్సో పని. దాన్ని నురగరాయితో రుద్ది, సుద్ద అద్ది, పాపాయి చెంపంత నున్నగా చేయడం అల్దా పని. గీకుడులో కత్తి జారి చిల్లు పడితే కుట్టేదీ ఆవిడే.

"అన్నా, ఉన్నావా?"

వెనెరా గొంతు అది. పై వాలులో ద్రాక్షతోట ఆవిడది. మామూలుగా ఐతే కొట్టం బయటే నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కేకేస్తుంది. ఇవాళ కొంగూ లేదు, ఆగడమూ లేదు. నేరుగా లోపలికొచ్చి సున్నపు గుంట గట్టు మీద కూర్చుంది.

"ఏమైంది చెల్లెమ్మా?"

"ఈ కోతే ఆఖరంట. కోత కాగానే తోట ఖాళీ చేసి పొమ్మని లాండో అయ్యగారు కబురెట్టాడు. గడువైపోయిందంట. ఇరవై తొమ్మిదేళ్ళు."

ఉర్సో తోలు గీకే నెలవంక కత్తిని పక్కన పెట్టాడు.

మఠం ఎవరికి నేల రాసిచ్చినా ఇరవై తొమ్మిదేళ్ళకే ఇస్తుంది. ముప్పై ఏళ్ళు ఎవరూ అడ్డు చెప్పకుండా సాగు చేసుకుంటే ఆ నేల సాగు చేసినవాడిదే అవుతుందని ఆ దేశపు చట్టం. అందుకే ఇరవై తొమ్మిదో ఏడు వచ్చేసరికి సన్యాసులకి ఎక్కడలేని జ్ఞాపకశక్తీ పుట్టుకొస్తుంది. మఠం ఆస్తులు చూసే లాండోకైతే మరీను.

"ఇరవై తొమ్మిది ఎప్పుడో పోయినయ్యన్నా. మొన్న వసంతానికి ముప్పై నిండినయ్. మా ఆయన కొండెక్కి ఒప్పందం మీద సంతకంగా సిలువ గీత గీసొచ్చింది పెద్ద మంచు పడిన ఏడు, మంచు కరిగిన వారంలో. మా పెద్దాడు పుట్టింది ఆ మంచులోనే. వాడికి ముప్పై నిండి ఆర్నెల్లు. కన్నదాన్ని, నాకు తెలీదా?"

"అదే చెప్పకపోయావా?"

"చెప్పాను. ఏమన్నాడో తెలుసా? 'అమ్మా, నీ కడుపు పుస్తకం కాదు' అన్నాడు." వెనెరా కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు చీదింది. "మా ఒప్పందం పత్రం మఠంలో ఎలకలు కొట్టేసినయ్యంట. పెద్ద మంచు ఏడు అన్న ముక్క ఒక్కటే మిగిలిందంట. ఆ మంచు ఎప్పుడు పడిందో ఏళ్ళ పుస్తకంలో చూశారంట. పుస్తకంలో ఇరవై తొమ్మిదేళ్ళే అయిందంట. అంటే నేనేమన్నా అదనంగా ఒక ఏడు బతికానా అన్నా?"

ఉర్సో నీళ్ళ కుండ ఆవిడ వైపు జరిపాడు.

"శుక్రవారం నాడు మఠం పెద్దయ్యగారి ముందు విచారణంట. సాక్షి ఉంటే తెచ్చుకోమన్నారు. ఆడవాళ్ళ సాక్ష్యం చెల్లదు. నీ పెళ్ళి కూడా ఆ మంచులోనే కదా. మగాడివి, మఠం పనివాడివి. నువ్వొచ్చి చెప్పు, ముప్పై అయిందని."

"వస్తాను" అన్నాడు ఉర్సో. వెనెరా వెళ్ళేదాకా ఆ మాట బాగానే ఉంది. ఆవిడ వాలెక్కి కనుమరుగయ్యాక వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. రెండుసార్లు ముప్పై వచ్చింది, ఒకసారి ఇరవై ఎనిమిది. పెళ్ళై ఎన్నేళ్ళయిందో ఆ లెక్క అల్దా దగ్గర ఉండేది. అతనెప్పుడూ దాచుకోలేదు. అడిగితే చెప్పేది కదా.

పెళ్ళి మాత్రం నిన్న జరిగినట్టుంది. ఏరు గడ్డకట్టింది. అల్దా వాళ్ళ ఊరి దారి గుర్రానికి కాదు కదా మేకకి కూడా లేదు. పెళ్ళికూతురు రాదులే, మంచు కరిగాక చూద్దాం అని అందరూ వెళ్ళిపోబోతున్నారు. అంతలో పై వాలు మీంచి అరుపులు. అల్దా ఎద్దుతోలు మీద కూర్చుని ఉంది. ముందు అన్నదమ్ములిద్దరూ తాడు పట్టుకుని లాగుతున్నారు. సగం దిగేసరికి తోలు వాళ్ళకంటే ముందుకి జారింది. అన్నదమ్ములు వెనక, పెళ్ళికూతురు ముందు. గుడి గోడకి కొట్టుకుని ఆగింది. లేచి మంచు దులుపుకుని, "ఎవరు ఉర్సో?" అంది. ద్రాక్షసారా జాడీలో గడ్డకడితే గొడ్డలితో పగలగొట్టి ముక్కలు చప్పరించారు. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఉర్సోకి సారా రుచి అలా ఎక్కడా తగల్లేదు.

మర్నాడు పొద్దున్నే నాలుగు తోళ్ళు చుట్టచుట్టి భుజాన వేసుకుని కొండెక్కాడు. రాతగదిలో సాబినో ఒక్కడే ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ సన్యాసి. కళ్ళు మసకేసినా నాలుక మసకేయలేదు.

"రా నాయనా. నీకంటే ముందు నీ వాసన వచ్చింది" అన్నాడు. తోలు ఒకటి వెలుగుకెత్తి చూసి, వేలితో నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. వేలి కొన చూసుకున్నాడు.

"చెప్పండయ్యా. గరుగ్గా ఉంది, అంతేగా."

"అల్దా చెయ్యి కాదు కదా" అన్నాడు సాబినో మెత్తగా. "అలవాటు పడతాం. ఇంతకీ ఏంటి పని? తోళ్ళివ్వడానికి వచ్చినవాడు వాకిట్లోనే పడేసి పోతాడు."

"ఏళ్ళ పుస్తకం ఒకసారి చూపిస్తారా? పెద్ద మంచు పడిన ఏడు రాసిన ఆకు."

"నీకు చదువొచ్చని చెప్పలేదే!"

"మీకొచ్చుగా."

ఏళ్ళ పుస్తకమంటే నిజానికి ఈస్టరు తేదీల పట్టిక. ఎడమ పక్క ఏడు అంకె, దాని పక్కన ఆ ఏడు పండగ ఎప్పుడో, కుడివైపు వేలెడు ఖాళీ. ఆ ఖాళీలో ఏడాదికి ఒక్క వరుస. లోకంలో ఆ ఏడు ఏం జరిగిందో, ఎవరు పోయారో, వర్తకులూ యాత్రికులూ మోసుకొచ్చిన కబుర్లన్నీ అందులో ఇమిడిపోవాలి. ఒక్క వరుసే కాబట్టి రాజులూ బిషప్‌లూ తోకచుక్కలూ తప్ప ఇంకెవరికీ చోటుండదు.

సాబినో పుస్తకాన్ని బల్ల మీద తెరిచి ఆకులు తిప్పాడు. ఒక ఆకు దగ్గర ఉర్సో చెయ్యి దానంతట అదే ముందుకొచ్చింది.

"ముట్టుకోకు, సున్నం చేతులు" అన్నాడు సాబినో. ఐనా ఉర్సో చెయ్యి పట్టుకుని ఆపలేదు.

ఆకు పైభాగంలో, కుడివైపు ఖాళీలో, గోరంత చిల్లు. దాని మీద చేపముల్లు ఆకారంలో ఏడు పోగుల కుట్టు. అక్రోటు తొక్కతో రంగేసిన దారం. అంచులు ఎక్కడా లేవకుండా, బొటనవేలు కింద ఉందా లేదా అన్నట్టు. ఈ లోకంలో అలా కుట్టేది ఒక్కతే.

ఉర్సోకి అంతా గుర్తొచ్చింది. మంచు ఏడు తర్వాత పది పదకొండేళ్ళకి, వాన కారి పాత ఆకు కుళ్ళిపోతే, కొత్త ఆకుకి తోలు కావాలన్నారు. ఆ ఏడు మందల్లో రోగం, మంచి తోళ్ళు దొరకలేదు. ఉన్న ఒక్కదానికీ ఉర్సో కత్తి జారింది. అల్దా ఒక పూటంతా కూర్చుని కుట్టింది. ఇద్దరూ కలిసే తెచ్చిచ్చారు. అప్పటి రాతగాడు ఫౌస్తో, ఇప్పుడు లేడు, పెద్ద చిరాకు మనిషి. తోలు పైకెత్తి చూసి, "ఈ కుట్టు మీద సిరా పాకుతుంది. ఆ వరుస దాటేసి రాస్తాలే" అని గొణిగాడు. కొండ దిగుతూ అల్దా నవ్వి నవ్వి ఒగరుస్తూ చెట్టు పట్టుకుని నిలబడింది. "చూశావా, నా కుట్టు పుణ్యమా అని ఒక ఏడాది పాటు రాజులెవరూ చావరు!"

"ఇక్కడ ఏం రాసుంది?" అడిగాడు ఉర్సో, కుట్టు పక్కన వేలు పెట్టి.

"ఏమీ లేదు. ఆ ఏడు ఏమీ జరగలేదు."

"కింది వరుసలో?"

సాబినో ముక్కు ఆకుకి ఆనించి చదివాడు. "పెద్ద మంచు. నదులు గడ్డకట్టాయి. బెనెవెంతో ప్రభువు పోయాడు. రోమ్‌లో పోపు పోయాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో సముద్రమే గడ్డకట్టిందనీ, మనుషులు దాని మీద నడిచారనీ వర్తకులు చెప్పారు." తలెత్తి నవ్వాడు. "ఘనమైన ఏడు. అందుకే రెండు వరుసల్లోకి రావలసింది ఒక్కదాంట్లో కుక్కాడు ఫౌస్తో. నువ్వు ఆ ఏడేనా పెళ్ళాడింది? పోపు పోయాడు, ప్రభువు పోయాడు, నువ్వూ పోయావన్నమాట."

ఉర్సో నవ్వలేదు. ఏమీ జరగని ఏడు లేదు. ఫౌస్తో కుట్టున్న వరుస దాటేశాడు. ఆ వరుసలో ఉండాల్సిన మంచు కింది వరుసలోకి జారింది. దాని కింద ఉండాల్సింది ఇంకో మెట్టు కిందికి. మంచు పడింది కుట్టు ఉన్న ఏడే. వెనెరా కడుపు తప్పు చెప్పలేదు. పుస్తకం తప్పు చెబుతోంది, అదీ అల్దా కుట్టు వల్ల.

నోటి దాకా వచ్చిన మాట ఆపుకుని, ఇంకో మాట అడిగాడు.

"అయ్యా, ఊరికే అడుగుతున్నాను. ఒక ఆకులో తప్పుందని తేలితే ఏం చేస్తారు?"

"బలిపీఠం పక్కన ఉండే పుస్తకమిది. తప్పు ఆకు ఉంచరు. కొత్తది రాసి కుట్టేస్తారు."

"పాతది?"

"గీకేస్తారు. పనికొస్తే ఇంకోదానికి వాడతారు, లేకపోతే ముక్కలు చేసి ఉడకబెట్టి జిగురు. నీకు తెలియనిదేముంది, గీకేది నువ్వేగా."

ఉర్సో దండం పెట్టి కొండ దిగాడు. అల్దాని ఊరి బయట అందరితో పాటు పూడ్చారు. మొన్నటి వానలకి ఏ మట్టి ఎవరిదో ఆనవాలు కూడా పోయింది. ఆవిడ దుస్తులు చెల్లెళ్ళు పట్టుకెళ్ళారు. ఆవిడ చేతి పనంతా పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది, నున్నటి తోలుకి పేరుండదు కాబట్టి అందులో ఏది ఆవిడదో దేవుడికే తెలియాలి. గుర్తుపట్టగలిగింది ఇదొక్కటే. బలిపీఠం పక్కన, పోపుల నడుమ, ఏడు పోగులు.

నోరు మూసుకుంటే సరిపోతుంది. ముప్పై అయిందనుకుంటున్నాను అని ఒక మాట చెబుతాడు. పుస్తకం ముందు ఆ మాట నిలబడదు. అతని తప్పేం లేదు. వెనెరా కొడుకు దగ్గరికి పోతుంది. ముప్పై ఏళ్ళు పెంచిన తీగలు మఠానివౌతాయి. ఏటా ఎవరో ఒకరికి జరిగేదే.

ఇలా అనుకున్నందుకు తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు ఉర్సో. కానీ ఆ రోజు అనుకున్నాడు. కొట్టానికి వచ్చి, తోలును చట్రానికి ఎక్కించి, మధ్యాహ్నం దాకా గీకాడు. చెయ్యి చెప్పినట్టు వినలేదు. కత్తి జారింది. తోలులో కన్నంత చిల్లు పడింది.

సూది ఎక్కడుందో తెలుసు. దారమూ ఉంది, అల్దా రంగేసి చుట్టిపెట్టిన ఉండ. కూర్చుని ఒక పోగు వేశాడు, రెండు వేశాడు. లాగేసరికి అంచు చిరిగింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ చిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది, అల్దా ఆఖరి రోజు. ఆవిడకి స్నానం చేయించి, జుట్టు దువ్వి, చేతులు కట్టింది వెనెరాయే. చేతులు కట్టేముందు గోళ్ళ కింద ఉన్న సుద్ద పుల్లతో తీయబోయి, "ఉండనీ, లేకపోతే అక్కడ గుర్తుపట్టరు" అని ఆగిపోయింది. అలా ఆగిపోయిన మనిషికి తను చేయబోతున్నది తలుచుకుంటే ఉర్సోకి తన మీదే ఒళ్ళు మండింది. సూది దిగ్గొట్టి లేచాడు.

శుక్రవారం మఠం సభామందిరంలో పదిమంది సన్యాసులు బల్లల మీద కూర్చున్నారు. మఠాధిపతి, ఊళ్ళో అందరికీ పెద్దయ్యగారు, మధ్యలో. ముందు పుస్తకం. లాండో నిలబడి ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, మఠం గట్టు ఒక్క జానెడు కూడా పోకూడదనుకునే మనిషి. వెనెరా తలుపు పక్కన.

"సాక్షి తెచ్చావా అమ్మా?" అన్నాడు పెద్దయ్యగారు.

"మా అన్న ఉర్సో."

"ఏమయ్యా" అన్నాడు లాండో, "పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా?"

"లేదయ్యా. నాకు లెక్క తెలీదు" అన్నాడు ఉర్సో. వెనెరా ముఖం పాలిపోయింది. "ముప్పై అని వేళ్ళ మీద చెప్పలేను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ ఆకు తోలు చేసింది నేనూ మా ఆవిడానూ. అందులో చిల్లుంది. మా ఆవిడ కుట్టింది. దాని మీద సిరా పాకుతుందని ఫౌస్తో అయ్య ఆ వరుస దాటి రాశారు. మా ముందే అన్నారు. సాబినో అయ్యగారు ఆ కుట్టు పక్కన ఏమీ జరగలేదని చదివారు. జరిగిందయ్యా. ఆ ఏడే మంచు పడింది. దాని కింది నుంచీ అన్నీ ఒక మెట్టు జారిపోయాయి."

లాండో నవ్వాడు.

"జారితే చివరిదాకా జారుతూనే పోవాలిగా. ఇప్పటి ఏళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయే! ఒక మెట్టు జారినవి ఎక్కడో ఒకచోట ఇరుక్కోవాలి."

అది నిజం. ఉర్సో చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

సాబినో పుస్తకాన్ని తన వైపు లాక్కున్నాడు. వేలితో వరుసలు దిగుతూ వెళ్ళాడు. ఫౌస్తో రాత ఎక్కడ ఆగిందో అక్కడ వేలు ఆపి, ముక్కు ఆనించి, చాలాసేపు చూశాడు. "ఇక్కడ అక్షరాలు చీమల్లా ఇరికించాడు" అని చదివాడు. "వడగళ్ళు. ద్రాక్షలన్నీ పోయాయి. బిషప్ పోయాడు. కొత్త బిషప్ వచ్చాడు."

"ఒకే ఏడా?" పెద్దయ్యగారు తలెత్తాడు.

"ఒకే వరుస."

"అది కాదు." పెద్దయ్యగారు లేచొచ్చి వంగి చూశాడు. "వడగళ్ళు పడిన రోజు నేను ఈ మఠం గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాను. చేరిన మొదటి రోజు. బిషప్‌గారు ఆ తర్వాతి ఏడు పోయారు. ఆయన పాడె మోసినవాళ్ళలో నేనున్నాను. ఒక ఏడాది కొత్త సన్యాసిగా గడిపాక కానీ పాడె మోయనివ్వరు." కుడిభుజం మీద చెయ్యి వేసుకున్నాడు, ఇంకా బరువున్నట్టు. "నా మొదటి ఏడాదిని ఫౌస్తో మింగేశాడన్నమాట. ఇన్నేళ్ళూ ఈ పుస్తకం ముందే మోకాళ్ళూనాను, ఒక్కసారి చూసుకోలేదు."

సాబినో గట్టిగా నవ్వబోయి దగ్గాడు.

"లాండో, పుస్తకం ఏం చెబితే అదే అన్నావుగా?" అన్నాడు పెద్దయ్యగారు.

"అన్నానయ్యా."

"చెప్పింది. ముప్పై నిండాయి. తోట ఆవిడదే. పత్రం రాసివ్వండి."

వెనెరా నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో నుంచే లాండో గొంతు ఉర్సోకి వినిపించింది. "ఈ తప్పు ఆకు తీసేయాలి. కుట్లు వేసిన తోలు దేవుడి పుస్తకానికి తేవడమే మొదటి తప్పు. కొత్తది మచ్చ లేకుండా ఉండాలి. పాతది సాయంత్రానికల్లా గీకి పంపు."

"తోలు తప్పు కాదయ్యా" అన్నాడు ఉర్సో.

"ఏంటి?"

"తోలు తప్పు కాదు. దాటేసినవాడిది తప్పు." జీవితంలో మొదటిసారి మఠంలో ఎదురు మాట్లాడాడు. సాబినో వరుసలన్నీ మైనపు పలక మీద దించుకున్నాక, లాండో ఆకు కోసి అతని చేతిలో పెట్టాడు.

పాలలో తవుడు కలిపి ఆకును నానబెట్టాడు. సిరా మెత్తబడ్డాక చట్రానికి బిగించాడు. అడుగు నుంచి మొదలుపెట్టాడు. బిషప్ పోయాడు, వడగళ్ళు పోయాయి. ఎవరో ప్రభువు, ఎక్కడో యుద్ధం, గ్రహణం, మిడతలు. అతనికి ఏది ఏదో తెలియదు. అన్నీ ఒకే రంగు పొడిగా మోకాళ్ళ మీద రాలాయి. ఒక్కో వరుసకీ ఏదో ఒకటి గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఇది కొట్టం కప్పు ఎగిరిన ఏడై ఉండాలి. ఇది అల్దా మొదటి బిడ్డ నిలవని ఏడు. ఇది బెనెవెంతో సంతలో ఆవిడకి ఎర్ర తలగుడ్డ కొన్న ఏడు. కొన్న రోజు సాయంత్రం దాకా చుట్టుకోలేదు, గడ్డి మీద పరిచి చూసుకుంటూ కూర్చుంది. సరిగ్గా ఏ వరుస ఏదైతేనేం.

కుట్టు దగ్గరికి వచ్చేసరికి ఎండ వాలింది. మంచు, పోపు, గడ్డకట్టిన సముద్రం ఒక్క గీతలో పోయాయి. పైన ఖాళీ వరుస. గీకడానికేమీ లేదు. కత్తి అంచును ఎత్తి, ఏడు పోగుల చుట్టూ ఊపిరి బిగబట్టి తిప్పాడు. తర్వాత ఆవిడ నురగరాయి తీసుకుని, ఆవిడ రుద్దినట్టు చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దాడు. మొదటిసారి అతని చేతికి ఆ నునుపు వచ్చింది. దాన్ని జిగురు కుండకి పంపడానికే వచ్చింది.

ఆకును మఠం వాకిట్లో పెట్టి, లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చేశాడు.

పదిరోజులకి ద్రాక్షకోత. ఊరంతా వెనెరా తోటలోనే ఉంది. ఉర్సో కూడా వెళ్ళి బుట్టలు మోశాడు. మధ్యాహ్నం రొట్టె, జున్ను తినే వేళ వెనెరా అతన్ని ఇంట్లోకి పిలిచింది. ముఖం ముడుచుకుని ఉంది.

"పత్రం ఇచ్చారన్నా నిన్న. చూడు ఎలాంటిదిచ్చారో! సాబినో అయ్యగారు కొత్త తోలు మీద రాయబోతే లాండో అయ్యగారు పడనివ్వలేదంట. పల్లెటూరి దానికి కొత్త తోలెందుకు, గీకింది పడుంది, దాని మీద గీకిపారేయ్ అన్నాడంట. చిల్లుంది దీనికి! రేపు ఎవడన్నా చిరిగిన పత్రం చెల్లదంటే? ఇప్పుడే పోయి వాడి మొహాన కొట్టి మంచిది తెచ్చుకుంటాను, నువ్వు తోడు రా."

పెట్టెలోంచి చుట్ట తీసి బల్ల మీద పరిచింది.

ఉర్సో నిలబడి చూశాడు. సాబినో అక్షరాలు నల్లగా, మసక కళ్ళవాడి రాతలా పెద్దపెద్దగా ఉన్నాయి. నిండా రాశాడు. పై వరుసల్లో ఒకచోట మాత్రం అక్షరాలు ఆగి, కుట్టు దాటి, అవతలి నుంచి మళ్ళీ మొదలయ్యాయి.

"మాట్లాడవేం? వస్తావా రావా?"

"చిల్లు కాదు చెల్లెమ్మా. వేలు పెట్టి చూడు."

వెనెరా విసుగ్గా వేలు పెట్టింది. వేలు ఒకసారి కిందికి, ఒకసారి పైకి నడిచింది. మూలన మేకుకి వేలాడుతున్న సారా తిత్తి వైపు చూసింది. దాని మెడ దగ్గర కూడా, ఎప్పుడో చిరిగితే కుట్టిన చోట, చేపముల్లు ఆకారంలో అదే దారం.

"అల్దా" అంది.

"ఊఁ."

బయట ఎవరో బుట్టలు ఖాళీ లేవని కేకేస్తున్నారు. వెనెరా కదల్లేదు. చాలాసేపటికి కొంగుతో చేతులు తుడుచుకుని, పత్రాన్ని సగానికి మడవబోయి ఆగింది. మడత ఎక్కడ పడుతుందో చూసి, మళ్ళీ విప్పింది. కుట్టు మీద మడత పడకుండా, మెల్లగా, చుట్టగా చుట్టి పెట్టెలో పెట్టింది.